ఆరో రిసీవర్ ఆటలో అరటిపండు కాదు: చివరి చోటు ఎవరికివ్వాలి?

ఆగస్టు చివరి వారంలో డాలస్ పక్కనున్న మా ఫ్రిస్కోలో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, ఒక మూల ఇద్దరు ఫోన్లు పట్టుకుని "వీణ్ణి ఉంచుతారా, పంపేస్తారా" అని వాదించుకుంటూ కనిపిస్తారు. అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగు ఎన్ఎఫ్ఎల్‌లో ఆడే డాలస్ కౌబాయ్స్ ఆఫీసూ ప్రాక్టీసు మైదానమూ 2016 నుంచి మా ఊళ్ళోనే, ద స్టార్‌లో ఉన్నాయి. అందుకని క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగని వాళ్ళకు కూడా అమెరికన్ ఫుట్‌బాల్ గాలి సోకుతుంది. అయితే పదకొండు మందిని ఎంచడం అలవాటైన మనకు 53 మందిని ఎంచడం కాస్త తికమకగానే ఉంటుంది. అందులోనూ ఎప్పుడో గాని బంతి ముట్టని ఐదో, ఆరో వైడ్ రిసీవర్ (పరిగెత్తి పాసులు పట్టేవాడు) సంగతి వస్తే "ఎవడైతే ఏంటండీ, ఆటలో అరటిపండే కదా" అని తేల్చేస్తారు.

నేను ఒప్పుకోను. మొదటి ముగ్గురు రిసీవర్లను బంతి పట్టే చేతులు చూసి ఎంచుకోవచ్చు. నాలుగోవాడి నుంచి మాత్రం అడగాల్సిన ప్రశ్నలు మారిపోతాయి. ఆదివారం మ్యాచ్‌లో వీడికి ఒక్క పాసు కూడా రాకపోతే జట్టుకు ఇంకేం చేస్తాడు? ఇవాళ వదిలేస్తే మళ్ళీ మనకు దొరుకుతాడా? ఈ రెండిటికీ జవాబు లేకుండా "ప్రీసీజన్‌లో (సీజన్ ముందు ఆడే సన్నాహక మ్యాచ్‌ల్లో) ఎంత బాగా పట్టాడో చూశారా" అనేవాళ్ళతో నాకు ప్రతి ఏడాదీ గొడవే.

ముందు కాగితం మీద లెక్క

క్యాంపులో ఒక్కో జట్టుకి 90 మంది దాకా ఉంటారు. సీజన్ మొదలయ్యే ముందు వాళ్ళని 53కి దించాలి. అందులో రిసీవర్లకు మామూలుగా ఐదో ఆరో చోట్లు దక్కుతాయి. ఆరోవాణ్ణి ఉంచుకున్నారంటే ఇంకెక్కడో ఒక లైన్‌మ్యాన్‌నో, రిసీవర్లని కాపు కాసే కార్నర్‌బ్యాక్‌నో వదులుకున్నారని అర్థం.

పైగా ఆ 53 మందీ మ్యాచ్ ఆడరు. లీగుకీ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన 2020 ఒప్పందం ప్రకారం మ్యాచ్ రోజు ఆట బట్టలు వేసుకుని దిగేది ఎక్కువలో ఎక్కువ 48 మంది. అది కూడా అందులో ఎనిమిది మంది అఫెన్సివ్ లైన్‌మ్యాన్లు ఉంటేనే. మిగిలినవాళ్ళు పక్కన నిలబడి చూడాల్సిందే. పాసులు పట్టడం తప్ప మరో పని రాని ఆరో రిసీవర్ సరిగ్గా ఈ గుంపులోకే వెళ్తాడు. జీతం ఇస్తూ, ఒక చోటు ఖర్చుపెట్టి, ఆదివారం ఆడించలేని మనిషి అన్నమాట.

ఇప్పుడు వదిలేయడం గురించి. నాలుగు సీజన్ల సర్వీసు పూర్తికాని ఆటగాణ్ణి వదిలేస్తే వెయివర్స్‌కు వెళ్తాడు. మిగతా 31 జట్లలో ఎవరైనా అతన్ని అడగొచ్చు. ఇద్దరు ముగ్గురు అడిగితే కిందటి సీజన్‌లో వెనకబడ్డ జట్టుదే ముందు హక్కు. అయితే అడిగిన జట్టు అతన్ని తన 53లో పెట్టుకోవాలి. అంటే వాళ్ళు తమ సొంత కుర్రాడొకణ్ణి తీసేయాలి. అందుకే అభిమానులు భయపడినంతగా ఎవరూ ఎగబడి తీసుకోరు. ఎవరూ అడక్కపోతే మన 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (53కి బయట, సాధన కోసం ఉంచుకునే గుంపులో) మళ్ళీ చేర్చుకోవచ్చు. అక్కడి నుంచి ఒక సీజన్‌లో మూడుసార్లు మ్యాచ్‌కి పిలుచుకోవచ్చు కూడా.

నాలుగు సీజన్లు దాటిన పాతకాపుల సంగతి వేరు. ఆగస్టులో వాళ్ళకి వెయివర్స్ ఉండవు, వదిలేస్తే నచ్చిన చోటికి వెళ్ళొచ్చు. ఇక్కడే జట్లు ఒక కిటుకు వాడతాయి. పాతకాపుతో ముందే మాట అనుకుని వదిలేస్తారు, ఆ చోటులో వెయివర్స్‌కి పోతే దొరకడనుకున్న కుర్రాణ్ణి దాచుకుంటారు, ఒకటి రెండు రోజులకో వారానికో పాతకాపుని మళ్ళీ పిలుస్తారు. మొదటి మ్యాచ్ రోజు జట్టులో ఉన్న పాతకాపుకి ఆ ఏడాది జీతం ఖాయమైపోతుంది కాబట్టి, ఆ మ్యాచ్ అయ్యాక పిలిస్తే డబ్బు కూడా కలిసొస్తుంది. 53కి దించే కట్ రోజు పేర్లు చూసి గుండెలు బాదుకోవద్దని నేను చెప్పేది అందుకే. ఆ జాబితా రెండు రోజుల్లో మారుతుంది.

డాలస్, 2022: అన్ని రకాల వాళ్ళూ ఒకే గదిలో

ఈ విషయం అర్థం కావాలంటే నాకు తెలిసినంతలో 2022 ఆగస్టు నాటి కౌబాయ్స్‌ని మించిన ఉదాహరణ లేదు. ఆ మార్చిలో అమారీ కూపర్‌ని క్లీవ్‌ల్యాండ్‌కి పంపించేశారు. ఏడాదికి 20 మిలియన్ డాలర్ల జీతం బరువని, దాదాపు ఒక ఐదో రౌండ్ పిక్‌కే (కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతుకే) ఇచ్చేశారు. సెడ్రిక్ విల్సన్ మయామీ వెళ్ళిపోయాడు. మైకేల్ గాలప్‌కి జనవరిలో మోకాలి లిగమెంట్ తెగింది, సీజన్ మొదటికి అందడు. కొత్తగా తెచ్చుకున్న జేమ్స్ వాషింగ్టన్‌కి క్యాంపు మొదట్లోనే పాదం ఎముక విరిగింది. ఖాయంగా ఉన్నది సీడీ ల్యామ్ ఒక్కడు. మిగతా చోట్ల కోసం నాలుగు రకాల మనుషులు పోటీ పడ్డారు.

నోవా బ్రౌన్: 2017 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్‌లో, అంటే ఆఖరి రౌండ్‌లో వచ్చినవాడు. అయిదేళ్ళుగా జట్టును అంటిపెట్టుకుని ఉన్నాడు. బ్లాకింగ్ (ఎదుటివాళ్ళని అడ్డుకోవడం) చేస్తాడు, స్పెషల్ టీమ్స్ (బంతిని కాలితో తన్నే సందర్భాల్లో దిగే గుంపులు) ఆడతాడు, జట్టు ఎత్తులన్నీ ఉండే ప్లేబుక్ అంతా నోటికి వచ్చు. ప్రతి వేసవిలోనూ అభిమానులు రాసే జాబితాల్లో ముందు ఎగిరిపోయే పేరు ఇతనిదే.

జేలెన్ టోల్బర్ట్: అదే ఏడాది మూడో రౌండ్‌లో ఎంచుకున్న కొత్త కుర్రాడు, సౌత్ అలబామా నుంచి.

డెనిస్ హ్యూస్టన్: డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనివాడు, వెస్టర్న్ ఇలినాయ్ నుంచి. క్యాంపులో అందరి నోటా ఇతని మాటే.

కవాంటే టర్పిన్: యూఎస్ఎఫ్ఎల్ అనే చిన్న లీగులో ఆ ఏడాదే అత్యుత్తమ ఆటగాడిగా నిలిచి జూలై చివర్లో వచ్చినవాడు. ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు, బరువు డెబ్బై కిలోలు. ఎన్ఎఫ్ఎల్‌లో అంత బక్కపలచని మనిషి కనిపించడమే అరుదు.

టర్పిన్ విషయంలో పెద్దగా ఆలోచించాల్సిన పని లేకుండా అతనే చేశాడు. ఆగస్టు 20న ఛార్జర్స్ జట్టు మీద ప్రీసీజన్ మ్యాచ్‌లో ఒక కిక్ఆఫ్‌నీ (ఆట మొదలుపెడుతూ తన్నే బంతి) ఒక పంట్‌నీ (తమ వంతు వదులుకుంటూ దూరంగా తన్నే బంతి) రెండిటినీ అందుకుని, అవతలి గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. మొదటిది 98 గజాలు, రెండోది 86. ఆ సాయంత్రంతో అతని చోటు ఖాయం. గమనించాల్సింది ఏమిటంటే, ఆ సీజన్ మొత్తంలో రిసీవర్‌గా అతను పట్టింది ఒకే ఒక్క పాసు, తొమ్మిది గజాలు. అయినా లీగులో మేటి ఆటగాళ్ళని ఎంచే ప్రోబౌల్‌కి వెళ్ళాడు. అతన్ని రిసీవర్ల ఖాతాలో రాసినా అసలు అది, తన్నిన బంతిని అందుకుని వెనక్కి తెచ్చే రిటర్నర్ చోటు. ఇలాంటి మనిషి ఉంటే మిగతా రిసీవర్లతో పోల్చడమే తప్పు. ముందు "మనకి రిటర్నర్ ఉన్నాడా" అని అడగాలి, లేకపోతే చోటు ఇచ్చేయాలి, అంతే.

అసలు చిక్కు బ్రౌన్, టోల్బర్ట్, హ్యూస్టన్‌ల మధ్య. ఆ రోజుల్లో నాతో వాదించినవాళ్ళలో చాలామంది హ్యూస్టన్ వైపు. కొత్త ముఖం మీద మనకుండే మోజు అలాంటిది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, అయిదేళ్ళుగా కళ్ళ ముందున్న బ్రౌన్ ఎవరికీ ఆనలేదు. టోల్బర్ట్ క్యాంపులో తడబడుతున్నాడని కూడా అందరికీ తెలిసిపోయింది.

తర్వాత ఏం జరిగిందో చూడండి. హ్యూస్టన్‌ని 53లో ఉంచారు, మొదటి మ్యాచ్‌లో టాంపా బే మీద ఆడించారు, రెండు పాసులు పట్టాడు. కొన్ని వారాలకే వదిలేశారు. తర్వాత ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి వచ్చాడు. మరో జట్టు ఏదీ తన 53లో చోటిచ్చి అతన్ని లాక్కుపోలేదు. ఆగస్టులో "వదిలితే పోతాడు" అన్నవాళ్ళకి అదే జవాబు. డ్రాఫ్ట్ కాని కుర్రాడి మీద మనకున్న ఆశ మన క్యాంపు చూసి పుట్టింది. మిగతా 31 జట్లకూ తమ తమ క్యాంపుల్లో అలాంటివాడు ఒకడుంటాడు.

టోల్బర్ట్‌ది దీనికి తలకిందులు. ఆ ఏడాది అతను పట్టింది రెండు పాసులు, పన్నెండు గజాలు. చాలా ఆదివారాలు మ్యాచ్‌కి బట్టలే వేసుకోలేదు. ఆ సీజన్ ఒక్కటే చూస్తే చోటు దండగ. కానీ మూడో రౌండ్‌లో ఎంచిన కుర్రాణ్ణి ఆగస్టులో వదిలితే వెయివర్స్ దాటడు. నాలుగు నెలల ముందు అతన్నే ఎంచుకుందామనుకుని పిక్ అందక ఊరుకున్న జట్టు ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. డాలస్ ఓపిక పట్టింది. 2024లో అతను 49 పాసులు పట్టి 610 గజాలు, ఏడు టచ్‌డౌన్లు చేశాడు. అలాగని మూడో రౌండ్ కుర్రాళ్ళందరికీ రెండేళ్ళు ఇస్తే ఇలాగే పండుతారని నేననను. చాలామంది పండరు. కాని వదిలేస్తే నష్టం ఖాయం, ఉంచుకుంటే నష్టం అనుమానం.

ఇక బ్రౌన్. గాలప్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఆడలేదు, కొత్త కుర్రాళ్ళు ఇంకా కుదురుకోలేదు. దాంతో భారం ఇతని మీద పడింది. సీజన్ అయ్యేసరికి 43 పాసులు, 555 గజాలు. తిరిగొచ్చిన గాలప్ 39 పాసులు, 424 గజాలు దగ్గర ఆగాడు. ఆ మార్చిలోనే అయిదేళ్ళకు 57 మిలియన్లకు పైగా ఒప్పందం చేసుకున్న గాలప్ కంటే, జాబితాల్లో అందరూ కొట్టేసిన బ్రౌన్ ఎక్కువ పనికొచ్చాడు. (తర్వాత 2024 అక్టోబర్‌లో వాషింగ్టన్ జట్టు తరఫున షికాగో మీద ఆఖరి క్షణంలో గాల్లోకి విసిరిన పాసుని ఎండ్‌జోన్‌లో (టచ్‌డౌన్ గీత అవతలి చోటులో) అందుకుని మ్యాచ్ గెలిపించింది కూడా ఈ బ్రౌనే. ఆ రాత్రి మా ఇంట్లో నేను కాస్త గట్టిగానే అరిచాను.)

నన్నడిగితే ఆ ఆగస్టులో వరస ఇలా ఉండాల్సింది: టర్పిన్, బ్రౌన్, టోల్బర్ట్. హ్యూస్టన్ ప్రాక్టీస్ స్క్వాడ్‌కి.

పంట్ కింద పరిగెత్తేవాడు

పాసులు పట్టకుండానే చోటు సంపాదించే ఇంకో దారి ఉంది, దాన్ని మనవాళ్ళు టీవీలో దాదాపు చూడరు. పంట్ కొట్టేటప్పుడు, బంతి కాలికి తగలకముందే ముందుకు ఉరికే హక్కు రెండు చివర్లలో నిలబడ్డవాళ్ళిద్దరికే ఉంటుంది. వాళ్ళని గన్నర్లంటారు. ఎదుటి జట్టు తరచూ ఒక్కొక్కరి మీదా ఇద్దరేసి మనుషుల్ని పెట్టి ఆపుతుంది. వాళ్ళని తప్పించుకుని నలభై యాభై గజాలు పరిగెత్తి, రిటర్నర్ బంతి అందుకున్న క్షణంలో అతని ముందుండాలి. వేగమూ, చేతులతో అడ్డొచ్చినవాణ్ణి తోసేసే నేర్పూ కావాలి కాబట్టి రిసీవర్లూ కార్నర్‌బ్యాక్‌లే ఎక్కువగా ఈ పని చేస్తారు.

మాథ్యూ స్లేటర్‌ని చూడండి. 2008లో న్యూ ఇంగ్లండ్ జట్టు అయిదో రౌండ్‌లో రిసీవర్‌గా తీసుకుంది. 2023 సీజన్ దాకా ఆడి, మొత్తం మీద పట్టింది ఒకే ఒక్క పాసు, 46 గజాలు. కాని పది సార్లు ప్రోబౌల్, మూడు సూపర్‌బౌల్ (లీగు ఫైనల్) గెలిచిన ఉంగరాలు. రోస్టర్‌లో అతని పేరు పక్కన రాసింది రిసీవర్ అనే.

ఇలాంటివాళ్ళకి అప్పుడప్పుడూ బంతి కూడా వస్తుంది. న్యూయార్క్ జెయింట్స్ జట్టులో 2007 సీజన్‌లో డేవిడ్ టైరీ పట్టినవి నాలుగే పాసులు, 35 గజాలు. స్పెషల్ టీమ్స్ కోసమే అతన్ని ఉంచుకున్నారు. 2008 ఫిబ్రవరిలో, అప్పటిదాకా ఓటమి ఎరగని న్యూ ఇంగ్లండ్‌తో సూపర్‌బౌల్. ఒక నిమిషం పదిహేను సెకన్లు ఉండగా జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరేవాడు) ఈలై మానింగ్ చుట్టుముట్టినవాళ్ళ నుంచి విడిపించుకుని విసిరిన బంతిని టైరీ ఎగిరి, హెల్మెట్‌కి అదిమిపట్టి, కింద పడ్డా వదల్లేదు. 32 గజాలు. ఆ తర్వాత ఎన్ఎఫ్ఎల్‌లో అతను ఇంకో పాసు పట్టలేదు. ఆ క్యాచ్ పడుతుందని ఎవరూ అతన్ని ఆగస్టులో ఉంచుకోలేదు. పంట్ల కింద పరిగెత్తాడు కాబట్టి ఫిబ్రవరిలో అక్కడున్నాడు.

ఆడమ్ తీలెన్ కథా ఇలాంటిదే, కాకపోతే ఇంకా పెద్దది. 2013లో ఎవరూ ఎంచుకోలేదు, సొంత రాష్ట్రం మిన్నెసోటా జట్టులో పరీక్షకి వెళ్ళి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఏడాది గడిపాడు. 2014లో స్పెషల్ టీమ్స్ మీదే నిలబడ్డాడు, కరోలినా పంట్‌ని అడ్డుకుని దాన్నే టచ్‌డౌన్ చేశాడు. 2018కి వచ్చేసరికి మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లోనూ వంద గజాలు దాటాడు. నేర్చుకునే కాలంలో జట్టుకి భారం కాకపోవడమే అతన్ని కాపాడింది.

వెయివర్స్ జూదం, ప్రీసీజన్ మాయ

జట్లకి కూడా ఇది తప్పుతుంది. బ్రాక్స్టన్ బెరియస్‌ని న్యూ ఇంగ్లండ్ 2019లో వదిలేస్తే, అదే డివిజన్‌లోని జెట్స్ తన్నుకుపోయింది. 2021లో అతను కిక్ రిటర్నర్‌గా ఆల్‌ప్రో, అంటే ఆ ఏటి మేటి జట్టులో ఒకడు. అదే మరో పక్క, 2020లో ఏడో రౌండ్‌లో వచ్చిన జవాన్ జెనింగ్స్‌ని శాన్‌ఫ్రాన్సిస్కో వదిలేస్తే ఎవరూ ముట్టుకోలేదు, ప్రాక్టీస్ స్క్వాడ్‌లో చేరాడు. అతనే తర్వాత 2024 ఫిబ్రవరి సూపర్‌బౌల్‌లో ఒక టచ్‌డౌన్ పాసు విసిరి ఇంకోటి పట్టాడు. ఇద్దరిలో ఎవరు పోతారో ముందే చెప్పగలమా అంటే, కొంతవరకు చెప్పగలం. రిటర్న్ చేయగలవాడు ఎక్కడికెళ్ళినా తెల్లారేసరికి పనికొస్తాడు, అతనికి ప్లేబుక్ నేర్పక్కర్లేదు. వేగం తక్కువై, బలంతోనూ తెలివితోనూ నెగ్గుకొచ్చే జెనింగ్స్ లాంటివాణ్ణి అర్థం చేసుకోవడానికి పక్క జట్టుకి టైమ్ పడుతుంది. కాబట్టి మొదటి రకాన్ని దాచుకోండి, రెండో రకంతో జూదం ఆడొచ్చు.

ప్రీసీజన్ మాయకి వస్తే, ఎప్పుడూ ఎదురుదెబ్బగా నా మీద విసిరే పేరు విక్టర్ క్రూజ్. 2010 ఆగస్టులో జెట్స్ మీద మూడు టచ్‌డౌన్లు చేసి జెయింట్స్‌లో చోటు కొట్టేశాడు, 2011లో 1,536 గజాలు చేశాడు. నిజమే. కాని 2010 సీజన్‌లో అతను ఒక్క పాసూ పట్టలేదన్నది మర్చిపోతారు. ఆ ఏడాది గాయంతో పక్కకెళ్ళాడు. పైగా అలా ఆగస్టులో మెరిసి సెప్టెంబర్‌లో ఆరిపోయినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి క్రూజ్ ఒక్కడే గుర్తున్నాడు. నాలుగో క్వార్టర్‌లో పాసు పట్టిన కుర్రాడి ఎదురుగా ఆడిన కార్నర్‌బ్యాక్ ఎవరో చూడండి. వారం తర్వాత వాడికే ఏ జట్టులోనూ ఉద్యోగం ఉండకపోవచ్చు.

ఇంకొకటి. ఎవరి స్థానానికి ప్రత్యామ్నాయం కావాలో చూడకుండా మనిషిని ఎంచుకోకూడదు. లైన్ మీదే నిలబడి, కార్నర్‌బ్యాక్ చేతుల్లోంచి తప్పించుకుని వెళ్ళాల్సిన ఎక్స్ రిసీవర్‌కి గాయమైతే, లోపలి వైపు స్లాట్‌లో మాత్రమే ఆడగల ముగ్గురు బుల్లి రిసీవర్లు బెంచీ మీద ఉన్నా ప్రయోజనం సున్నా. రెండు స్థానాలు తెలిసిన బ్యాకప్ ఒకడుంటే ఒక చోటు మిగిలినట్టే.

సంవత్సరాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది. 2023లో కిక్ఆఫ్‌ని ఫెయిర్ క్యాచ్ (పరిగెత్తనని ముందే చెయ్యెత్తి పట్టడం) పట్టినా 25 గజాల గీత మీద బంతి ఇచ్చే రూల్ వచ్చి రిటర్నర్ల విలువ పడిపోయింది. 2024లో కొత్త కిక్ఆఫ్ పెట్టి, ఎండ్‌జోన్‌లోకి కొడితే బంతిని 30 మీద, 2025 నుంచి 35 మీద ఇస్తున్నారు. దాంతో జట్లు రిటర్న్ చేసేలా కొట్టక తప్పట్లేదు. 2024లో టర్పిన్ ఆల్‌ప్రో అయ్యాడంటే అతని కాళ్ళతో పాటు ఈ రూల్‌కీ వాటా ఉంది. 2023లో ఆరో చోటు గన్నర్‌కి ఇమ్మనేవాణ్ణి, ఇప్పుడైతే ముందు రిటర్నర్‌కే ఇస్తాను.

ఈసారి ప్రీసీజన్ ఆఖరి మ్యాచ్ చూసేటప్పుడు, మొదటి క్వార్టర్‌లో మొదటి పంట్‌కి ఎవరు బయటికొస్తారో చూడండి. రెండు చివర్లలో నిలబడ్డ రిసీవర్ నంబర్ రాసుకోండి. అసలు ఆ మ్యాచ్‌కే బట్టలు వేసుకోకుండా టోపీ పెట్టుకుని తిరుగుతున్న రిసీవర్ కనిపిస్తే అతని గురించి టెన్షన్ వద్దు, అతనికి చోటు ఎప్పుడో ఇచ్చేశారు. నాలుగో క్వార్టర్ దాకా మైదానంలోనే ఉన్నవాడి సంగతే అనుమానం.

అన్నట్టు 2022లో డాలస్ ఇంత మల్లగుల్లాలు పడ్డాక, డిసెంబర్ 24న ఫిలడెల్ఫియా మీద నాలుగో క్వార్టర్‌లో ఏడు పాయింట్లు వెనకబడి, థర్డ్ డౌన్ మీద, అంటే నాలుగు ప్రయత్నాల్లో మూడోదాని మీద, 30 గజాలు కావాల్సి వచ్చింది. డాలస్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ విసిరిన బంతిని 52 గజాల దూరంలో పట్టినవాడు టీవై హిల్టన్. 33 ఏళ్ళవాడు, ఇండియానాపొలిస్‌లో పదేళ్ళు ఆడినవాడు. ఆగస్టులో డాలస్ క్యాంపులోనే లేడు. అతన్ని జట్టులోకి తీసుకుని అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు.